జ్వరమొచ్చిన రోజును గైర్హాజరుగా రాయకండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పాఠశాల విద్యాశాఖల ఉన్నతాధికారులకు,



ఏటా జూన్ రెండో వారంలో రెండు రాష్ట్రాల్లోనూ బడులు తెరుచుకుంటాయి. నైరుతి రుతుపవనాలు తెలుగు నేల మీదికి వచ్చేదీ ఇంచుమించు ఆ రోజుల్లోనే. వేసవిలో అమ్మమ్మగారి ఊళ్లో, మేనమామల ఇళ్లలో, ఎవరి వీధిలో వాళ్లు ఆడుకున్న పిల్లలంతా ఒక్కసారిగా ఒకే గదిలోకి చేరతారు. జల్లు కొడుతుందని కిటికీలు మూస్తారు. బెంచీకి నలుగురు ఒరుసుకుని కూర్చుంటారు. నెల తిరిగేసరికి పిల్లల డాక్టరు గది ముందు చెప్పులు గుట్టపడతాయి. మన దేశంలో ఫ్లూ ఏడాదికి రెండుసార్లు పుంజుకుంటుంది. వర్షాకాలంలో ఒకసారి, జనవరి నుంచి మార్చి దాకా మరోసారి. రెండుసార్లూ బడి నడుస్తూనే ఉంటుంది.

ఈ లేఖ కోరేది ఒక ఉత్తర్వు. జ్వరంతో ఇంట్లో ఉండిపోయిన చిన్నపిల్లల రోజుల్ని గైర్హాజరుగా లెక్కపెట్టవద్దనీ, ఏ జబ్బుకు ఎన్నాళ్లు ఇంట్లో ఉంచాలో ప్రతి బడికీ, ప్రతి తల్లికీ ఒకే మాట చెప్పమనీ.

ఇప్పుడు ఇళ్లలో జరుగుతున్నది ఇది. యూకేజీ చదివే పిల్లకు రాత్రి ఒళ్లు వెచ్చబడుతుంది. తెల్లారేసరికి 101 డిగ్రీలు. ఏడున్నరకు తల్లి పారాసిటమాల్ సిరప్ పోస్తుంది. ఎనిమిదింటికి వ్యాను వచ్చేసరికి నుదురు చల్లబడి ఉంటుంది, పిల్ల తనంతట తానే ఎక్కి కూర్చుంటుంది. ఆ మందు పనిచేసేది నాలుగు నుంచి ఆరు గంటలు. అన్నాల వేళకు మళ్లీ ఒళ్లు కాలిపోతుంది. టీచరు ఫోన్ చేస్తుంది. తల్లి ఆఫీసు నుంచో, పొలం నుంచో, కుట్టు మిషను దగ్గర నుంచో లేచి వచ్చేసరికి గంట దాటుతుంది. అంతసేపూ పిల్ల ఆయా ఒళ్లోనో, బెంచీ మీద తల వాల్చుకునో ఉంటుంది. మందు జ్వరాన్ని దించింది గానీ వైరస్‌ను ఆపలేదు. ఫ్లూ సోకిన మనిషి నుంచి జ్వరం రావడానికి ఒకరోజు ముందు మొదలుపెట్టి ఐదారు రోజుల పైదాకా వైరస్ బయటికి వస్తూనే ఉంటుంది. చిన్నపిల్లల్లో ఇంకా ఎక్కువ రోజులు. అన్నిటికంటే ఉధృతంగా వచ్చేది జబ్బు మొదలైన తొలి రెండు మూడు రోజుల్లో. సిరప్ పోసి బడికి పంపేది సరిగ్గా ఆ రోజుల్లోనే.

రెండు రోజులకు ఆ వైరస్ మరో ఇంటి గడప దాటుతుంది. అక్కడ ఊయలలో నాలుగు నెలల చంటివాడు ఉంటాడు. బడి నుంచి వచ్చిన అక్క సంచి పడేసి ముందుగా పరుగెత్తేది తమ్ముడి దగ్గరికే. ఆరు నెలలు నిండని బిడ్డకు ఫ్లూ టీకా వేయరు. వాడికి ఉన్న రక్షణల్లా తల్లి నుంచి వచ్చినదీ, ఇంట్లో మిగతావాళ్లు జబ్బు పడకుండా ఉండటమూ. ఫ్లూ ఒక్కటే కాదు, ఆర్‌ఎస్‌వీ అనే మరో వైరస్ ఉంది. రెండేళ్లు నిండేలోగా దాదాపు ప్రతి బిడ్డకూ ఒకసారైనా సోకుతుంది. బడికెళ్లే అక్కకు అది నాలుగు రోజుల ముక్కు కారడం, కాస్త దగ్గు. ఆ తమ్ముడికి అదే వైరస్ ఊపిరితిత్తుల్లోని సన్నని గొట్టాల దాకా దిగితే పిల్లికూతలు మొదలవుతాయి, డొక్కలు ఎగరేస్తాడు, పాలు తాగలేక ఏడవడానికి కూడా ఓపిక లేకుండా పోతాడు. ఆక్సిజన్ పెట్టి రోజుల తరబడి ఆసుపత్రిలో ఉంచాల్సి రావచ్చు.

తర్వాత వంతు షుగరూ బీపీ ఉన్న నాయనమ్మది. ఆపైన తండ్రి. అందరికీ కషాయాలు కాచి, తడిగుడ్డలు వేసి, రాత్రుళ్లు మేలుకున్న తల్లి చివరికి పడుతుంది. ఆమె పడ్డ రోజున ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. ఒక్క వైరస్ నలుగురైదుగురున్న ఇంటిని రెండు మూడు వారాలు తిప్పలు పెట్టడం ప్రతి వానాకాలం, ప్రతి వీధిలో కనిపించేదే.

బడిపిల్లల నుంచి వృద్ధుల దాకా ఈ దారి ఎంత నిజమో జపాన్ అనుభవం చెబుతుంది. ఆ దేశంలో 1960ల నుంచి బడిపిల్లలకు ఫ్లూ టీకాలు వేశారు. 1994లో ఆ కార్యక్రమం ఆగింది. టీకాలు పిల్లలకు వేసిన కాలంలో తగ్గిన వృద్ధుల మరణాలు, ఆపాక మళ్లీ పెరిగాయని 2001లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం వచ్చింది. ఆ కార్యక్రమం ఏటా 37,000 నుంచి 49,000 మరణాలను ఆపిందని దాని అంచనా. పిల్లల చేతికి వేసిన సూది తాతలనూ బామ్మలనూ కాపాడింది. మన పిల్లల డాక్టర్ల సంఘం, ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కూడా ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు పిల్లలకు ఏటా ఫ్లూ టీకా వేయించమంటోంది. అయితే అది ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల్లో లేదు. ప్రైవేటులో ఒక్క మోతాదుకు వెయ్యి రూపాయలు దాటుతుంది. మొదటిసారి వేయించుకునే పిల్లలకు నెల తేడాతో రెండు మోతాదులు కావాలి. ఇద్దరు పిల్లలున్న కూలి ఇంటికి అది అందని మాట. ఆ సంగతి ఆరోగ్యశాఖ చూడాల్సినది. మీ చేతిలో ఉన్నది హాజరు పట్టీ.

జ్వరంతో ఉన్న బిడ్డను బడికి పంపిన తల్లిని తప్పుపట్టడం తేలిక. అలా పంపేలా చేస్తున్నవేమిటో కూడా చూడాలి. చాలా ప్రైవేటు బడుల్లో వార్షికోత్సవం నాడు నూటికి నూరు శాతం హాజరైన పిల్లలను వేదిక మీదికి పిలిచి ప్రశంసాపత్రం ఇస్తారు. ఆరేళ్ల పిల్ల ఏడాదంతా ఒక్కరోజు కూడా మానలేదంటే, ఆ ఏడాదిలో ఏదో ఒక రోజు ఆమె జబ్బుతోనే బడికి వచ్చి ఉంటుంది. ఈ వయసు పిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిదిసార్లు జలుబో జ్వరమో రావడం మామూలని వైద్య పుస్తకాలన్నీ చెబుతాయి. ఒంట్లో రోగనిరోధక శక్తి నేర్చుకునే వయసు అది. ఆ పిల్లకు చప్పట్లు కొట్టించడమంటే వచ్చే ఏడాది మిగతా నలభై మంది తల్లులకూ సిరప్ పోసి పంపమని చెప్పడమే.

ఆంధ్రప్రదేశ్‌లో దీనికి డబ్బు ముడి కూడా ఉంది. పిల్లల్ని బడికి పంపే తల్లులకు ప్రభుత్వం డబ్బిచ్చే పథకాలకు, నాటి అమ్మఒడికైనా, నేటి తల్లికి వందనానికైనా, 75 శాతం హాజరు షరతు. బిడ్డ బడి మానకూడదన్న మంచి ఉద్దేశంతో పెట్టిన షరతే అది, బడి మానేసే పిల్లల విషయంలో అవసరం కూడా. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఆ లెక్క తల్లులకు ఎవరూ విడమరచి చెప్పలేదు. విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదో తరగతి దాకా ఏడాదికి కనీసం 200 పనిదినాలు. అందులో పాతిక శాతం అంటే 50 రోజులు. ఎనిమిదిసార్లు జబ్బు పడి, ప్రతిసారీ మూడు రోజులు ఇంట్లో ఉన్నా 24 రోజులే. సగం కూడా దాటదు. జ్వరానికి ఇంట్లో ఉంచితే డబ్బు పోతుందన్న భయం అక్కర్లేనిదే. కానీ ఆ భయం నిజంగా ఉంది, దాన్ని పోగొట్టగలిగింది మీరు. ప్రతి బడి గోడ మీద ఈ లెక్క రాయించినా చాలు, సగం సిరప్ సీసాలు మూత తీయకుండానే ఉంటాయి.

మళ్లీ జపాన్ దగ్గరికే వెళ్లాలి. అక్కడి బడి ఆరోగ్య నిబంధనల ప్రకారం ఫ్లూ అని తేలిన విద్యార్థి జబ్బు మొదలయ్యాక ఐదు రోజులు, దానితోపాటు జ్వరం తగ్గాక రెండు రోజులు గడిచేదాకా బడికి రాకూడదు. బడి వయసు రాని పసిపిల్లలకైతే జ్వరం తగ్గాక మూడు రోజులు. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, ఆ రోజుల్ని గైర్హాజరు కింద రాయరు. వాటికి పట్టీలో వేరే లెక్క ఉంటుంది. అక్కడి పిల్లవాడు ఇంట్లో ఉండటం వల్ల ఏమీ కోల్పోడు, ఇంట్లో ఉండటం అతని బాధ్యత అని బడే చెబుతుంది. క్రమశిక్షణకు పేరుపడ్డ దేశమే జబ్బు పడ్డ పిల్లవాడిని పట్టీలో తప్పుపట్టకుండా బడి నడుపుకోగలిగినప్పుడు మనకు అడ్డేమిటి?

మన నిబంధన అంత కఠినంగా ఉండనక్కర్లేదు, పరీక్ష చేయించి ఫ్లూ అని తేల్చమని అడగనూ కూడదు. మామూలు జ్వరమైతే, మందు వేయకుండానే 24 గంటలు జ్వరం లేకపోతే బడికి రావచ్చు. ‘మందు వేయకుండా’ అన్న మాట పెద్ద అక్షరాల్లో ఉండాలి. వాంతులు, విరేచనాలైతే చివరిసారి అయినప్పటి నుంచి రెండు రోజులు. ఆటలమ్మ పోస్తే పొక్కులన్నీ పక్కు కట్టేదాకా, తట్టు వస్తే ఒంటిమీద కనిపించిన రోజు తర్వాత నాలుగు రోజులు, గవదబిళ్ళలకు వాపు మొదలయ్యాక ఐదు రోజులు. ఇక ఒట్టి ముక్కు కారడం, జ్వరం లేని చిన్న దగ్గు ఉండి, పిల్లాడు ఆడుతూ పాడుతూ ఉంటే ఆపనక్కర్లేదు. దగ్గిన ప్రతి బిడ్డనూ వెనక్కి పంపితే జులైలో ఒకటో తరగతి గది ఖాళీ అవుతుంది, ఈ నిబంధనను ఎవరూ లెక్కచేయరు.

జ్వరానికి ముందురోజే అంటుకుంటుంది కదా, ఇంట్లో ఉంచి ఏం లాభం అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అన్నీ ఆగవు, నిజమే. కానీ వైరస్ అత్యధికంగా వెలువడే రెండు మూడు రోజులు ఆ పిల్ల నలభై మంది మధ్య లేకపోతే, అంటుకోవాల్సిన కొందరికి అంటుకోదు. ఆ కొందరిలో ఎవరి ఇంట్లో చంటిబిడ్డ ఉన్నాడో, ఎవరి తాతకు గుండె జబ్బు ఉందో బడికి తెలియదు.

మెడికల్ సర్టిఫికెట్ సంగతి కూడా చెప్పుకోవాలి. రెండు రోజుల జ్వరానికి డాక్టరు చీటీ తెమ్మని అడిగే బడులున్నాయి. ఆ చీటీ కోసం, తగ్గిపోతున్న జ్వరంతో ఉన్న బిడ్డను, ఇంకో పదిమంది జబ్బు పిల్లలు దగ్గుతున్న గదిలో రెండు గంటలు కూర్చోబెట్టాలి. కన్సల్టేషన్ ఫీజు వేరే. చీటీ కోసం వెళ్లినవాళ్లు చాలాసార్లు చేతిలో యాంటీబయాటిక్‌తో తిరిగి వస్తారు. వైరస్‌ల మీద యాంటీబయాటిక్‌లు పనిచేయవు. మూడు రోజుల వరకు డైరీలో తల్లి రాసిన రెండు వాక్యాలు, చదువురాని తల్లి అయితే ఆమె చెప్పిన మాట, బడికి సరిపోవాలి.

ఇంట్లో ఉంచమనడం మాత్రం అందరికీ ఒకేలా తేలిక కాదు. రోజు కూలికి వెళ్లే తల్లికి బిడ్డ జ్వరం అంటే ఆ రోజు కూలి పోవడం. సూపర్‌మార్కెట్‌లో బిల్లు కొట్టే అమ్మాయికీ అంతే. ప్రభుత్వ ఉద్యోగినులకు పిల్లల సంరక్షణ సెలవు ఉంది, వీళ్లకు లేదు. అత్తగారో అమ్మో ఇంట్లో ఉన్నవాళ్లు కొంత నయం, బతుకుతెరువుకు వలస వచ్చి ఒక్కగదిలో కాపురం ఉంటున్నవాళ్లకు బడే దిక్కు. పైగా ప్రభుత్వ బడి పిల్లలకు ఇంట్లో ఉండటమంటే మధ్యాహ్న భోజనమూ గుడ్డూ కూడా పోవడం. జబ్బు పడ్డ బిడ్డకు బలమైన తిండి అందాల్సిన రోజునే అది అందదు. కాబట్టి మీ ఉత్తర్వులో ఇందుకూ చోటుండాలి. ఇంటికి తీసుకెళ్లడానికి ఎవరూ లేని బిడ్డ కోసం గాలి ఆడే చోట, మిగతా పిల్లలకు దూరంగా ఒక చాప, ఒక మంచినీళ్ల సీసా, కనిపెట్టుకుని ఉండే ఒక మనిషి. ఆ రోజు భోజనాన్ని ఇంటివాళ్లు గిన్నెలో తీసుకెళ్లేందుకు అనుమతి. ఆ కుటుంబాల తల్లుల్ని కోప్పడి వెనక్కి పంపడానికి ఈ నిబంధనను ఎవరూ వాడకూడదు.

సబ్బు గురించి ఒక మాట. కొవిడ్ తర్వాత చాలా బడుల్లో గేటు దగ్గర శానిటైజర్ సీసా మిగిలింది, కుళాయి దగ్గర సబ్బు మాత్రం రాలేదు. పసిపిల్లల్లో వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ మీదా, అరచేతుల్లో, అరికాళ్లలో, నోట్లో పొక్కులు లేపే హ్యాండ్ ఫుట్ మౌత్ వైరస్‌ల మీదా ఆల్కహాల్ శానిటైజర్ అంతగా పనిచేయదు. వాటిని వదిలించేది సబ్బూ పారే నీళ్లూ. 2022లో కేరళలోని కొల్లంలో టొమాటో ఫ్లూ అని దేశమంతా హడలిపోయిన జబ్బు హ్యాండ్ ఫుట్ మౌతేనని తర్వాత తేలింది. మన ఊళ్లలో ఆ పొక్కులు చూసి అమ్మవారు పోసిందనుకుంటారు. పొక్కులు మానిపోయాక కూడా వారాల తరబడి ఆ వైరస్ మలంలో వస్తుంటుంది. అన్ని వారాలూ బిడ్డను ఇంట్లో ఉంచడం కుదరదు. జ్వరం తగ్గి, పొక్కులు ఎండాక బడికి రానివ్వాల్సిందే, ఆ తర్వాత కాపాడేది దొడ్డికి వెళ్లొచ్చాక సబ్బుతో కడిగిన చేతులే. ప్రీప్రైమరీ తరగతుల్లో పిల్లల్ని కడిగే ఆయాలకు ముందుగా అందాల్సింది ఆ సబ్బు.

వ్యాను డ్రైవరు నుంచి హెడ్మాస్టరు దాకా బడిలో ప్రతి ఒక్కరికీ తెలియాల్సిన ప్రమాద సంకేతాలు కొన్ని ఉన్నాయి. బిడ్డ డొక్కలు ఎగరేస్తుంటే, ఏడాది దాటిన పిల్లలు నిమిషానికి 40సార్లకు మించి, రెండు నెలలు దాటి ఏడాది నిండనివాళ్లు 50సార్లకు మించి ఊపిరి తీస్తుంటే ఆలస్యం చేయకూడదు. నీళ్లు కూడా తాగలేకపోతున్నా, లేపితే సరిగా లేవకపోయినా అంతే. జ్వరంలో ఫిట్స్ నూరు మంది చిన్నపిల్లల్లో ఇద్దరి నుంచి ఐదుగురి దాకా వస్తాయి. అప్పుడు బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో చెంచా పెట్టకూడదు, చేతిలో తాళాలగుత్తి పెట్టినా ఉపయోగం లేదు. ఐదు నిమిషాల్లో ఆగకపోతే 108కి ఫోన్ చేయాలి. వానాకాలం జ్వరాల్లో డెంగీ కూడా ఉంటుంది, దాని ప్రమాదం జ్వరం దిగే సమయంలో మొదలవుతుంది. జ్వరం తగ్గిందని బడికి వచ్చిన బిడ్డ కడుపునొప్పి అంటున్నా, వాంతులు చేసుకుంటున్నా, చిగుళ్ల నుంచి రక్తం వచ్చినా వెంటనే ఆసుపత్రికి పంపాలి. ఇవన్నీ ఒక పేజీలో పట్టే సంగతులు.

ఒక్క ఉత్తర్వుతో ఏం మారుతుందనుకోకండి. పంచదార నిండిన పానీయాలను ఓఆర్‌ఎస్ పేరుతో అమ్ముతున్నారని, విరేచనాలతో ఉన్న పిల్లలకు అవి చేటు చేస్తాయని హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఒక ఉత్తర్వు ఇచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పాళ్లలో లేని పానీయాల పేరులో ఓఆర్‌ఎస్ అని ఉండటానికి వీల్లేదంది. అదే నెలలో, మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో విషపూరితమైన దగ్గు మందు తాగి పసిపిల్లలు చనిపోయాక, రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వవద్దని, ఐదేళ్లలోపు వాళ్లకు సాధారణంగా అవి అక్కర్లేదని కేంద్ర ఆరోగ్య శాఖ సలహా జారీ చేసింది. మొదటిది ఒక వైద్యురాలు ఏళ్లు పోరాడితే వచ్చింది, రెండోది బిడ్డలు పోయాక వచ్చింది. మీరు ఇవ్వాల్సిన ఉత్తర్వు కోసం అంత కాలమూ, అంత నష్టమూ అక్కర్లేదు.

టీచర్లను కూడా మరచిపోవద్దు. నలభై మంది పిల్లల ముక్కులు తుడిచే ఎల్‌కేజీ టీచరు ఏ వైరస్‌కూ దూరంగా ఉండలేదు. ఆమెకూ ఇంట్లో పసిపిల్లలు ఉండవచ్చు. చాలా ప్రైవేటు బడుల్లో ఆమె సెలవు పెడితే ఆ రోజు జీతం కోస్తారు. అందుకే జ్వరంతోనే వచ్చి పాఠం చెబుతుంది. పిల్లలకు పెట్టే నిబంధన ఆమెకూ వర్తించాలి.

రాబోయే మే నెలలోగా ఈ ఉత్తర్వు వస్తే బడులు తెరిచే నాటికి అందరికీ చేరుతుంది. హాజరు పట్టీలో గైర్హాజరు పక్కనే జబ్బు సెలవుకు వేరే గుర్తు పెట్టించండి, ప్రాథమిక తరగతులతోపాటు ప్రీప్రైమరీకీ, అంగన్‌వాడీల విషయంలో మహిళా శిశు సంక్షేమ శాఖతో మాట్లాడి వాటికీ వర్తింపజేయండి. ఆ గుర్తు ఉన్న రోజులు తల్లికి వందనం లెక్కలో కోతకు రావని స్పష్టంగా రాయించండి. నూరు శాతం హాజరు బహుమతులు ఆరో తరగతి లోపు పిల్లలకు ఇవ్వకూడదని ప్రైవేటు బడులకు కూడా చెప్పండి. జూన్‌లో జరిగే మొదటి తల్లిదండ్రుల సమావేశంలో ఇంట్లో ఉంచాల్సిన రోజులూ, ప్రమాద సంకేతాలూ రాసిన పేజీని టీచరు పైకి చదివి వినిపించాలి, చదువురాని అమ్మమ్మలూ వింటారు. ఒక ప్రతిని వ్యాను డ్రైవర్లకూ, ఒక ప్రతిని ఆయాలకూ ఇవ్వాలి.